ఇరుసు గోడు



కోతలు దగ్గరపడుతున్నాయి. మరో మూడు నాలుగు వారాల్లో కళ్లాల్లో ధాన్యం రాశులు లేస్తాయి, ట్రాక్టర్ల వెనక ట్రక్కులు కదులుతాయి. మా వైపు ట్రక్కు అంటాం. కొన్నిచోట్ల ట్రాలీ అంటారు, మరికొన్నిచోట్ల తొట్టి అంటారు. పేరేదైనా, నెలల తరబడి చింతచెట్టు కింద ఎండకు ఎండి వానకు తడిసిన ఆ బండి మీద ఒక్కసారిగా నాలుగైదు టన్నులు ఎక్కిస్తాం. అంతకు ముందు ట్రాక్టరుకు ఆయిలు మారుస్తాం, ఫిల్టరు మారుస్తాం, టైర్లలో గాలి చూసుకుంటాం. ట్రక్కు చక్రం లోపల బేరింగు ఎలా ఉందో మాత్రం చాలామందిమి చూడం. ఈ పూట నేను మీతో మాట్లాడబోయేది ఆ బేరింగు గురించే.

ముందు పాత ఎడ్లబండిని ఒక్కసారి గుర్తు చేసుకుందాం. 'కందెన వేయని బండికి కావలసినన్ని సంగీతాలు' అని మన పెద్దల సామెత. ఆముదంలో వరిగడ్డి కాల్చిన మసి కలిపి కందెన చేసేవారు. దాన్ని వెదురు గొట్టంలో పోసి బండి కింద వేలాడదీసేవారు. తోలేవాడు నొగల దగ్గర కూర్చుంటే ఇరుసు వీపు వెనకే ఉండేది. కిర్రుమన్న చప్పుడు మొదట వాడి చెవినే పడేది. బండి ఆపి, కడశీల తీసి, చక్రం కాస్త బయటికి లాగి, కందెన రాసి, మళ్లీ శీల కొట్టి కదిలేవాడు. బండి తన గోడు చెప్పుకునేది, మనిషి వినేవాడు.

ఇప్పుడు ట్రాక్టరు మీద కూర్చున్నవాడి ముందు ఇంజను మోగుతూ ఉంటుంది, పక్కన సైలెన్సరు గొట్టం. ట్రక్కు చక్రాలు వెనక ఎక్కడో ఉంటాయి. బేరింగు గరగరమన్నా, గీకినా ఆ చప్పుడు తోలేవాడి దాకా రాదు. ఇరుసు గోడు వినే చెవి ఈ బండికి లేకుండా పోయింది. అందుకే ఆ చెవి చేసే పని ఇప్పుడు మన చెయ్యి చెయ్యాలి. నేను చెప్పదలుచుకున్న ముఖ్యమైన మాట ఇదే. మిగతాదంతా ఆ చెయ్యి ఏం చెయ్యాలో వివరించడమే.

ఇది నాకు అనుభవం మీద తెలిసొచ్చింది. సంక్రాంతికి ముందు ఒక సాయంత్రం, 60 బస్తాల ధాన్యంతో కాలవ గట్టు మీద మిల్లుకు వెళుతున్నాను. బస్తాకు 75 కిలోల చొప్పున నాలుగున్నర టన్నులు. బస్తాల మీద ముగ్గురు కూలీలు కూర్చుని ఉన్నారు. గట్టు వార గేదెలు కాస్తున్న ఒక పెద్దావిడ చెయ్యి ఊపుతూ కేకలు వేస్తోంది. ఇంజను హోరులో ఏమీ అర్థం కాక వేగం తగ్గించాను. అప్పుడు వినపడింది: "అబ్బాయీ, ఆపవయ్యా! చక్రం ఊగులాడతంది!"

దిగి వెనక్కి వెళ్లేసరికి మాడిన గ్రీజు వాసన ముక్కుకు తగిలింది. కుడి చక్రం పైభాగం లోపలికి వాలిపోయి ఉంది. చక్రం నడిమి హబ్బు మీద సీసాలోని నీళ్లు నాలుగు చుక్కలు చల్లితే అట్లపెనం మీద పడ్డట్టు చుయ్యిమన్నాయి. చల్లారాక మూత విప్పి చూస్తే, రోలర్లను పట్టి ఉంచే రేకు గూడు ముక్కలైంది. రోలర్లు కొన్ని నలిగిపోయాయి, లోపలి రింగు నీలం రంగుకు తిరిగింది. నట్టు మాత్రం అలాగే ఉంది. దాన్ని పట్టి ఉంచింది ఒక స్ప్లిట్ పిన్ను. అది ఊడి ఉంటే నట్టు తిరిగిపోయేది, చక్రం కాలవలోకి పోయేది, బస్తాలూ వాటి మీది మనుషులూ దాని వెనకే పడేవారు.

తప్పు నాదే. అంతకు ముందు ఏడాది ఆ చక్రానికి నేనే కొత్త బేరింగు వేశాను. హబ్బులో బిగిసి ఉన్న పాత కప్పు, అంటే బేరింగు బయటి రింగు, ఎంత కొట్టినా రాకపోతే, 'బాగానే ఉందిలే' అనుకుని దాన్నే ఉంచేశాను. ఆ కప్పులో అప్పటికే సన్నటి గుంటలు పడి ఉన్నాయి. కొత్త రోలర్లు ఆ గుంటల మీద ఏడాదిపాటు తిరిగి పొట్టు రాలాయి. పిన్ను ఒక్కటీ కొత్తది వేశాను. ఆ రోజు మమ్మల్ని కాచింది అదే. యుద్ధంలో దశరథుడి రథానికి శీల ఊడితే కైక తన వేలు పెట్టి చక్రాన్ని నిలబెట్టిందని చిన్నప్పుడు కథగా విన్నాం. మన ట్రక్కు ఇరుసు చివర ఆ వేలు చేసిన పనే ఈ పిన్ను చేస్తుంది.

ఇక బేరింగు సంగతి చూద్దాం. ట్రక్కు హబ్బులో రెండు బేరింగులుంటాయి. ఇరుసు మొదట్లో పెద్దది, చివర చిన్నది. మామూలుగా వాడేది టేపర్ రోలర్ బేరింగు. అప్పడాల కర్రను ఒక చివర కాస్త సన్నగా చెక్కినట్టు ఉంటుంది దాని రోలరు. అలాంటి రోలర్లు వరసగా లోపలి రింగు చుట్టూ ఉంటాయి. ఆ రింగును కోను అంటారు. బయట హబ్బులో బిగించి ఉండే రింగు కప్పు. దాని లోపలి గోడ గరాటాలా వాలుగా ఉంటుంది. రెండు బేరింగులూ ఒకదానికొకటి ఎదురు వాలుతో కూర్చుంటాయి.

ఆ వాలు ఎందుకంటే, చక్రం మీద బరువు పైనుంచి కిందికి మాత్రమే పడదు. మలుపు తిరిగినా, ఒక చక్రం గాడిలో దిగినా, బరువు పక్కకు తోస్తుంది. వాలుగా ఉన్న రోలరు ఆ రెండు ఒత్తిళ్లనూ మోస్తుంది. ఈ రకం బేరింగుకు 1898లో అమెరికాలో పేటెంటు తీసుకున్న హెన్రీ టింకెన్, రెజినాల్డ్ హైంజెల్‌మన్‌లలో టింకెన్‌ది బళ్లు తయారుచేసే వృత్తి. సెయింట్ లూయిస్ నగరంలో గుర్రబ్బళ్లు చేసేవాడు. బరువుతో ఉన్న బండి మలుపు తిరిగేటప్పుడు చక్రం పట్టేయడం ఆయనకు రోజూ కనపడే బాధ. అంటే ఈ బేరింగు కూడా బండి చక్రం కోసం పుట్టిందే. మన కందెన గొట్టానికి ఇది దూరపు చుట్టమేమీ కాదు.

రోలరు కప్పును తాకేది సన్నటి గీత మేరకే. అలాంటి కొన్ని గీతల మీద మన ధాన్యమంతా నిలబడి ఉంటుంది. ట్రక్కు చక్రం ఒక చుట్టుకు దాదాపు మూడు మీటర్లు నడుస్తుంది. 20 కిలోమీటర్ల దూరంలోని మిల్లుకు వెళ్లి వస్తే సుమారు 13 వేల చుట్లు. అన్ని చుట్లూ ఇనుముకూ ఇనుముకూ మధ్య అడ్డుగా ఉండేది పలచటి గ్రీజు పొర ఒక్కటే.

ఆ పొరను చెడగొట్టేది ముఖ్యంగా నీరు. ఇక్కడ మనవాళ్లందరూ చేసే ఒక పని చెప్పాలి. పొద్దంతా తోలి, సాయంత్రం బండిని నేరుగా చెరువులోకో కాలవ రేవులోకో దింపి కడుగుతాం. అప్పటికి హబ్బు వేడిగా ఉంటుంది, లోపలి గాలి వేడికి వ్యాకోచించి ఉంటుంది. చల్లటి నీళ్లు తగలగానే ఆ గాలి ముడుచుకుని గ్రీజు బయటికి పోకుండా ఆపే సీలు అంచు పక్క నుంచి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. తర్వాత బండి నెలల తరబడి నిలబడితే ఆ తడి రోలరూ కప్పూ తాకే చోటే తుప్పు పట్టిస్తుంది. అందుకని కడిగే ముందు అరగంట చల్లారనివ్వండి. కుదిరితే ఇరుసు మునిగేంత లోతుకు దింపనే వద్దు.

బేరింగు అరిగిందో లేదో తెలుసుకోవడానికి మెకానిక్కే రావాలని లేదు. ఖాళీ ట్రక్కును గట్టి నేల మీద నిలబెట్టండి. ట్రాక్టరుకు తగిలించి ఉంచి, ట్రాక్టరు బ్రేకు వేసి, రెండో చక్రానికి ముందూ వెనకా రాళ్లు గానీ కొయ్య దిమ్మలు గానీ పెట్టండి. జాకీ కింద మందపాటి చెక్క వేసి ఇరుసు దగ్గర లేపండి. లేపాక ఇరుసు కింద గట్టి స్టాండు గానీ దుంగ గానీ తప్పకుండా పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద చెయ్యి పెట్టకండి.

ఇప్పుడు చక్రాన్ని గడియారం అనుకోండి. 12 అంకె దగ్గర ఒక చెయ్యి, 6 అంకె దగ్గర ఒక చెయ్యి పెట్టి పైన లాగండి, కింద తోయండి. కటకటమని ఊగిందంటే బేరింగు అరిగి ఉండాలి, లేదా నట్టు వదులై ఉండాలి. తర్వాత చక్రాన్ని నెమ్మదిగా తిప్పి ఇరుసు మీద చెయ్యి ఆనించండి. మంచి బేరింగు నూనెలో జారినట్టు తిరుగుతుంది. చెడిపోయినది తిరగలి తిప్పినట్టు చేతికి గరగరలాడుతుంది. చక్రం లోపలి వైపు, సీలు చుట్టూ గ్రీజు చిమ్మి మట్టితో గడ్డకట్టి ఉంటే సీలు పోయిందని గుర్తు.

మార్చాలని తేలితే చక్రం విప్పి, హబ్బు మూత తీసి, పిన్ను నిటారుగా చేసి లాగేయండి. నట్టు, వాషరు, బయటి బేరింగు వరసగా వస్తాయి. హబ్బును లాగితే లోపలి బేరింగూ సీలూ దానితోపాటు వస్తాయి. లోపలి కోను ఇరుసుకు అతుక్కుపోతే గ్యాసు మంటతో కొయ్యకండి, ఇరుసు పాడవుతుంది. పుల్లరుతో లాగించండి.

తీసిన వాటిని కిరోసిన్‌లోనో డీజిల్‌లోనో కడిగి గుడ్డతో తుడవండి. కడగకముందు మాత్రం గ్రీజును ఒకసారి వేలికి రాసుకుని చూడండి. పాలు పోసిన టీ రంగులో ఉంటే నీరు చేరింది. వేళ్ల మధ్య రుద్దితే ఇసుకలా తగిలితే మట్టి చేరింది, లేదా ఇనుము పొట్టు రాలింది. కడిగాక రోలర్లను వెలుతురులో తిప్పి చూడండి. నీలం రంగు తిరిగి ఉంటే గ్రీజు లేకగానీ, నట్టు మరీ బిగించిగానీ వేడెక్కింది. మసూచి మచ్చల్లాంటి గుంటలు ఉంటే మోసి మోసి లోహం పొట్టు లేచింది. కప్పు గోడ మీద రోలర్ల ఎడం ఎంతో అంతంత దూరంలో అడ్డగీతల్లా తుప్పు చారలు ఉంటే, బండి తడితో చాలాకాలం కదలకుండా నిలబడింది. ఇలా చదవడం అలవాటు చేసుకోండి. ఎందుకు చెడిందో తెలియకుండా కొత్తది వేస్తే అది కూడా అదే దారిన పోతుంది.

పాత బేరింగును కొట్టుకు వెంట తీసుకెళ్లండి. దాని అంచు మీద అంకె చెక్కి ఉంటుంది. ఉదాహరణకు 32210 అని ఉందనుకోండి. చివరి రెండంకెలను 5తో హెచ్చవేస్తే 50. ఆ బేరింగు లోపలి రంధ్రం 50 మిల్లీమీటర్లు. 30208 అయితే 40, 32213 అయితే 65. ఈ లెక్క తెలిస్తే కొట్లో ఇచ్చింది మీ ఇరుసుకు సరిపోతుందో లేదో అక్కడే చూసుకోవచ్చు. కోనూ కప్పూ కలిసిన పూర్తి బేరింగు, కొత్త సీలు, కొత్త పిన్ను తీసుకోండి. ముద్ర చెదరని పెట్టెలో ఉన్నదే కొనండి. నా అనుభవంలో ఒక చక్రానికి అయ్యే ఖర్చు రెండు బస్తాల ధాన్యం ధర దాటదు.

ఇప్పుడు నేను తప్పు చేసిన చోటికి వద్దాం. కోనూ కప్పూ జంట. ఒకటి కొత్తదైతే రెండోదీ కొత్తదే కావాలి. పాత కప్పును తీయాలంటే హబ్బు లోపల దాని వెనక అంచు కాస్త కనపడే చోట్లు ఉంటాయి. అక్కడ ఇత్తడి కడ్డీ ఆనించి ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క కొడుతూ పోతే నిదానంగా బయటికి వస్తుంది. ఒకే పక్క కొడితే అడ్డం తిరిగి బిగుసుకుపోతుంది. బేరింగు ఉక్కును సుత్తితో నేరుగా కొట్టకండి. అది పెళుసు. దాని పెచ్చు ఎగిరితే కన్ను పోతుంది. కళ్లద్దాలు పెట్టుకునే ఈ పని చేయండి.

హబ్బు లోపలంతా శుభ్రం చేశాక కొత్త కప్పు పెట్టండి. దాని వాలులో ఇరుకు వైపు హబ్బు లోపలికి, వెడల్పు వైపు మనవైపు ఉండాలి. చుట్టూ సమంగా తడుతూ దించండి. దిగుతున్నంతసేపూ చప్పుడు ఒకలా ఉంటుంది. అడుగున మెట్టుకు ఆనగానే ఠంగుమని గట్టిగా మారుతుంది. ఇంజను ఆపి ఉన్న ఈ ఒక్క పూట బండి మాట మన చెవికి వినపడుతుంది. ఆ మార్పు వినేదాకా ఆపకండి.

తర్వాత గ్రీజు. చక్రాల బేరింగులకు తగిన లిథియం గ్రీజు తీసుకోండి. పాత రకంతో కొత్త రకం కలపకండి. కొందరు బేరింగుకు పైపైన పూసి వదిలేస్తారు. అది చాలదు. ఎడమ అరచేతిలో నిమ్మకాయంత గ్రీజు పెట్టుకుని, బేరింగు వెడల్పు అంచును అరచేతి మీద నొక్కుతూ మీవైపు గీకండి. రోలర్ల సందుల్లోంచి గ్రీజు అవతలి అంచున సన్నటి జంతికల్లా పైకి వచ్చేదాకా నొక్కాలి. కొంచెం తిప్పి మళ్లీ అలాగే. చుట్టూ పూర్తయ్యాక కప్పు గోడకు కూడా రాయండి. హబ్బు మధ్యలో ఖాళీని మూడో వంతు, మహా అయితే సగం నింపండి. నిండా కూరితే గ్రీజు చిలికినట్టయి వేడెక్కుతుంది, సీలును బయటికి తోసేస్తుంది.

లోపలి బేరింగు పెట్టి సీలు కొట్టండి. సీలు పెదవి లోపలి వైపు, అంటే గ్రీజు వైపు చూడాలి. ఆ పెదవికి కొంచెం గ్రీజు రాస్తే మొదటి తిరుగుడుకే చిరిగిపోకుండా ఉంటుంది. హబ్బును నిటారుగా ఇరుసు మీదికి ఎక్కించి, బయటి బేరింగు, వాషరు, నట్టు పెట్టండి.

నట్టు బిగించడంలోనే మొత్తం పని తేలుతుంది. హబ్బును చేత్తో తిప్పుతూ స్పానరుతో బిగించండి. తిరగడం బరువైంది అనిపించేదాకా బిగిస్తే రోలర్లు తమ చోట్లలో సర్దుకుంటాయి. అప్పుడు నట్టును పూర్తిగా వదులు చేయండి. ఈసారి స్పానరు పక్కన పెట్టి, వేళ్లతో మాత్రమే బిగించండి. పిన్ను రంధ్రం నట్టు గాడికి ఎదురుగా వస్తే సరే. రాకపోతే నట్టును వెనక్కి, దగ్గరి గాడి దాకా వదలండి. ముందుకు మాత్రం బిగించకండి. చక్రం స్వేచ్ఛగా తిరగాలి, చేతికి తెలిసేంత ఊపు ఉండకూడదు. ఆ సందు మిల్లీమీటరులో పదో వంతుకు అటూఇటూగా ఉంటుంది. మీ ట్రక్కు తయారీదారు పుస్తకంలో వేరే కొలత రాసి ఉంటే దాన్నే పాటించండి. బలం ఉంది కదా అని మరీ బిగించినవాళ్ల బేరింగులే నీలం తిరిగి నా దగ్గరికి వస్తుంటాయి.

ఆపై కొత్త పిన్ను దూర్చి రెండు కాళ్లూ మడవండి. పాత పిన్నును సాగదీసి మళ్లీ వాడకండి. వంచి సాగదీసిన ఇనుప తీగ ఎక్కడో ఒకచోట విరగడానికి సిద్ధంగా ఉంటుంది. మూత పెట్టి, చక్రం ఎక్కించి, నట్లను ఒకదానికొకటి ఎదురుగా ఉన్న వరసలో బిగించండి. మొదటి లోడు దింపాక అవి మళ్లీ ఒకసారి బిగించాలి.

పని ఇక్కడితో అయిపోలేదు. నాలుగైదు కిలోమీటర్లు ఖాళీగా తోలి ఆపండి. ముందు చేతి వెనక భాగాన్ని హబ్బుకు దగ్గరగా పెట్టి చూడండి, ఇంట్లో పిల్లవాడి నుదురు చూసినట్టు. సెగ కొట్టకపోతే అరచెయ్యి ఆనించి పది దాకా లెక్కపెట్టండి. గోరువెచ్చగా ఉంటే మంచిదే. పది లెక్కపెట్టేలోగా చెయ్యి తీసేయాల్సి వచ్చిందంటే నట్టు బిగువు ఎక్కువైంది, లేదా లోపల ఏదో తేడా ఉంది. ఒక చక్రం చల్లగా, రెండోది వేడిగా ఉన్నా అనుమానించండి.

ఇదంతా రెండు చక్రాల ట్రక్కుకు ఒక పూట పని. ఏడాదికి ఒకసారి, కోతలకు ముందు చేసుకోండి. మీరు చేయలేకపోతే మీ ఊరి మెకానిక్కుతో చేయించండి. కానీ పక్కన నిలబడి అడగండి: "కప్పు కూడా మార్చావా? పిన్ను కొత్తదేనా?" అని.

పొద్దున నాట్లకు ఆడకూలీలను తీసుకెళ్లేదీ, సాయంత్రం బస్తాల మీద మన మనుషులను మోసుకొచ్చేదీ ఈ ట్రక్కే. వాళ్లకు ఇరుసు సంగతి తెలియదు, మనల్ని నమ్మి ఎక్కుతారు. ఆ రోజు కాలవ గట్టు మీద ఆ పెద్దావిడ ఉంది కాబట్టి కేక వేసింది. అన్ని గట్ల మీదా ఎవరో ఒకరు ఉండరు. మిల్లు దగ్గర తూకానికి ఆగినప్పుడు, టీకి దిగినప్పుడు, రెండడుగులు వెనక్కి వేసి రెండు హబ్బుల మీదా చెయ్యి పెట్టి చూడండి. ఆ తర్వాతే టీ తాగండి.